హెల్మెట్ మీద కెమెరాలు ఎందుకు తగ్గిపోయాయి? ఇప్పుడు ఒకటి కొనాలా?

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇదీ. పదేళ్ల కిందటి స్కీయింగ్ ఫొటోల్లో ఎవరి హెల్మెట్ మీద చూసినా చిన్న కెమెరా ఉండేది, ఇప్పుడు అంతగా కనిపించడం లేదు, ఎందుకని? మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్తున్న మీరు కొత్తది కొనుక్కోవాలా, లేక మీ అన్నయ్య ఇస్తానంటున్న పాత గోప్రో హీరో 7 బ్లాక్ సరిపోతుందా?

నేను స్కీయింగ్ నేర్పుతాను. నేర్చుకునేవాళ్లను వీడియో తీసి వాళ్లకే చూపించడం నా రోజువారీ పనిలో భాగం. కాబట్టి ఈ కెమెరాల వెలుగు రోజులూ చూశాను, అవి సొరుగుల్లోకి వెళ్లిపోవడమూ చూశాను.

సూటిగా చెప్పాలంటే, కొత్తది కొనకండి. మీ అన్నయ్య కెమెరా తీసుకెళ్లండి, అయితే దాన్ని తల మీద పెట్టుకోకండి. స్కీయర్లు వీడియోలు తీయడం మానలేదు, ఒంటికి తగిలించుకుని తీయడం మానేశారు. ఒంటి మీద ఉన్న కెమెరా మీ ఎదురుగా ఉన్నదాన్ని చూస్తుంది. చాలామందికి చూడాలని ఉండేది తమను తాము. ఆ కెమెరా చూపించలేనిది అదొక్కటే. మిగతా కారణాలు చాలా ఉన్నాయి, కానీ అసలు సంగతి ఇదే అని నా నమ్మకం.

ఈ మోజు ఎలా మొదలైందో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. గోప్రో పెట్టిన నిక్ వుడ్‌మన్ సర్ఫింగ్ చేసేవాడు. అలల మీద ఉండగా తననీ తన స్నేహితులనీ దగ్గర నుంచి ఫొటో తీసుకోవాలన్నది అతని కోరిక. 2004లో వచ్చిన మొదటి హీరో కెమెరా చేతి మణికట్టుకు కట్టుకునేది, అందులో 35 ఎంఎం ఫిల్ము ఉండేది. అంటే తనను తాను చూసుకోవాలన్న కోరికతో పుట్టిన వస్తువు ఇది. హెచ్‌డీ వీడియో మోడళ్లు వచ్చాక 2010 నుంచి అది హెల్మెట్ల మీదికి ఎక్కింది. అప్పటిదాకా మంచు వాలు మీద జారేవాడి కళ్లకు కనిపించే దృశ్యం మామూలు జనం ఎవరూ చూసింది లేదు. ఆ కొత్తదనంలో నిజంగానే మజా ఉండేది. ఫ్రెంచ్ స్కీయర్ కాండీడ్ తోవెక్స్ హెల్మెట్ కెమెరాతో తీసిన వీడియోలను కోట్లమంది చూశారు. కానీ ఆయన కొండ అంచుల మీంచి దూకుతాడు, చెట్ల సందుల్లోంచి దూసుకుపోతాడు, ఆయన కళ్ల ముందు క్షణక్షణం ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. చదును చేసిన వాలు మీద మనం నెమ్మదిగా టర్నులు తిప్పుతూ దిగితే కెమెరాలో పడేది తెల్లటి నేల, స్కీల ముందు కొనలు, ముందు వెళ్తున్న ఎవరిదో జాకెట్టు. అంతే.

దీనికి తోడు వాలు చదునుగా కనిపించే సమస్య ఒకటుంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగినదే: "అక్కడ నిలబడితే కాళ్లు వణికాయి, వీడియోలో చూస్తే మైదానంలా ఉందేంటి?" కెమెరా చెడిపోయి కాదు. స్కీ చేసేటప్పుడు మనం వాలుకు తగ్గట్టు ముందుకు వంగి ఉంటాం, చూపు కూడా వాలు వెంటే కిందికి పోతుంది. తల మీది కెమెరా కూడా అలాగే వంగుతుంది. అప్పుడు దాని దృష్టిలో వాలే నేల అయిపోతుంది. పోల్చుకోవడానికి క్షితిజ రేఖ గానీ, నిటారుగా నిలబడిన చెట్టు గానీ ఫ్రేములో లేకపోతే అది ఎంత ఏటవాలో చెప్పే ఆధారమే ఉండదు. పైగా ఈ కెమెరాల లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది. దగ్గరవి పెద్దగా, దూరంవి మరీ దూరంగా కనిపిస్తాయి. దాంతో కింద దూరంగా ఉన్నవన్నీ చిన్నవైపోతాయి.

2018లో హీరో 7తో హైపర్‌స్మూత్ అనే స్థిరీకరణ వచ్చింది. వీడియోలో కుదుపులు దాదాపు పోయాయి. చూడటానికి హాయిగా ఉంటుంది, నిజమే. కానీ గడ్డకట్టిన మంచు మీద కాళ్లకు తెలిసే అదురు, గుండెదడ, ఆ టెన్షన్ అంతా ఆ కుదుపులతో పాటే పోయింది. ఇంటికొచ్చి చూపిస్తే చూసేవాళ్లకు ఏమీ అనిపించదు, తీసినవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగాక ఎవరైనా ఛార్జింగ్ పెట్టడం మానేస్తారు.

ఇక ఎడిటింగ్. ఈ కెమెరాలను బాగా దెబ్బతీసిన ఇంకో సంగతి ఇది. తల మీద ఉంది కదా అని బటన్ నొక్కి వదిలేస్తారు. కొండ పైకి తీసుకెళ్లే లిఫ్ట్ దగ్గర క్యూ, గాగుల్స్ తుడుచుకోవడం, స్నేహితుడి కోసం ఎదురుచూడటం అన్నీ రికార్డవుతాయి. సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో తీస్తే గంట ఫుటేజీ 45 జీబీ అవుతుంది. రోజంతా కాళ్లు పీకేలా స్కీ చేసినవాళ్లు రాత్రి కూర్చుని అందులోంచి పనికొచ్చే ఇరవై సెకన్లు వెతుకుతారా? మొదటి రోజు వెతుకుతారు. మూడో రోజుకి మెమరీ కార్డు అలాగే బ్యాగులో ఉండిపోతుంది. కెమెరా కంపెనీలకు ఈ సంగతి తెలియక కాదు. ఫుటేజీని క్లౌడ్‌లోకి ఎక్కించి దానంతటదే ముక్కలు కోసి పెట్టే యాప్‌లు తెచ్చాయి. ఆ యాప్ కోసిన వీడియోల్లో ఎవరి ట్రిప్ చూసినా ఒకేలా ఉంటుంది. అందులో మీరుండరు.

ఈలోగా ఫోన్ మారిపోయింది. 2016 నాటికి గెలాక్సీ ఎస్7, ఐఫోన్ 7 లాంటివి నీళ్లకు తట్టుకునేలా వచ్చాయి. 2022లో ఐఫోన్ 14కి యాక్షన్ మోడ్ వచ్చింది, పరిగెత్తుతూ తీసినా వీడియో ఊగదు. చూసే తీరు కూడా మారింది. స్టోరీలు, రీల్స్ అన్నీ నిలువుగా ఉండే చిన్న వీడియోలు. జేబులోంచి తీసి, పదిహేను సెకన్లు తీసి, లిఫ్ట్ మీద కూర్చునే పంపించేయొచ్చు. ఎడిటింగ్ గొడవే లేదు. కెమెరాలోంచి ఫోన్‌కి, ఫోన్‌లోంచి యాప్‌కి మార్చుకునే ఓపిక ఎవరికుంది?

గోప్రో కంపెనీ కష్టాల గురించి చాలామంది రాస్తుంటారు. 2014 జూన్‌లో 24 డాలర్లకు మార్కెట్లోకి వచ్చిన షేరు ఆ ఏడాది అక్టోబరులో 80 డాలర్లు దాటింది, 2024లో 2 డాలర్ల దిగువకు కూడా పోయింది. మధ్యలో కర్మ అనే డ్రోన్ తెచ్చి, గాల్లో ఉండగా పవర్ పోతోందని వెనక్కి పిలిపించి, 2018లో ఆ వ్యాపారమే మూసేసింది. ఇవి నిజాలే. కానీ షేరు ధర చూసి స్కీయర్ల అలవాటును అంచనా వేయకండి. కెమెరా గట్టిగా ఉండటం కూడా అమ్మకాలు తగ్గడానికి ఒక కారణం. మీ అన్నయ్య హీరో 7నే చూడండి, అది 2018 మోడల్, ఇంకా బాగానే పనిచేస్తోంది. మళ్లీ కొనాల్సిన అవసరం ఆయనకేముంది?

భద్రత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఏడుసార్లు ఫార్ములా వన్ ఛాంపియన్ అయిన మైకేల్ షూమాకర్ 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో పడి, తల రాయికి తగిలి తీవ్రంగా గాయపడ్డాడు. ఆయన హెల్మెట్ పగిలింది, దాని మీద కెమెరా ఉంది. ఆ గాయం అంత తీవ్రం కావడానికి కెమెరాయే కారణమని చాలా ప్రచారం జరిగింది, కానీ అది నిర్ధారణ కాలేదు. అందుకని "కెమెరా వల్లే" అని నేను అనను. నేను చెప్పగలిగేది ఇంతవరకే: స్కీ హెల్మెట్లకు ఈఎన్ 1077 (యూరప్ ప్రమాణం) లాంటి ప్రమాణాల ప్రకారం చేసే పరీక్షలు కెమెరా లేని హెల్మెట్ మీద జరుగుతాయి. హెల్మెట్ పైభాగం నున్నగా ఉండేది దెబ్బ తగిలినప్పుడు జారిపోవడానికి. దాని మీద గట్టి దిమ్మ ఒకటి అతికిస్తే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. చెట్ల కొమ్మలకు, చైర్‌లిఫ్ట్ కిందికి దించే కడ్డీకి కెమెరా తగులుకుని మెడ పట్టేసినవాళ్లను నేనే చూశాను. నా క్లాసుకొచ్చేవాళ్ల చేత, ముఖ్యంగా పిల్లల చేత, హెల్మెట్ మీది కెమెరా తీయించేస్తాను.

"అయితే ఛాతీకి కట్టుకుంటే సరిపోతుంది కదా" అంటారు. సిద్ధం చేసిన ట్రాకుల మీద అయితే సరిపోతుంది. చేతులు, స్కీలు ఫ్రేములో పడతాయి కాబట్టి వీడియో కూడా హెల్మెట్ దానికంటే బాగుంటుంది. కానీ ట్రాకులు దాటి మంచు చరియలు విరిగిపడే చోట్లకు వెళ్లేవాళ్లు ఒకటి తప్పకుండా తెలుసుకోవాలి. మంచులో కూరుకుపోయినవాళ్లను వెతకడానికి వాడే ట్రాన్సీవర్‌ను ఛాతీకే కట్టుకుంటారు. అది 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. దగ్గర్లో ఫోన్, కెమెరా, బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్ లాంటి ఎలక్ట్రానిక్ వస్తువులేవి ఉన్నా దాన్ని తికమక పెట్టగలవు. సిగ్నల్ పంపుతున్నప్పుడు కనీసం 20 సెంటీమీటర్లు, వెతుకుతున్నప్పుడు కనీసం 50 సెంటీమీటర్లు ఎడం ఉండాలన్నది అందరికీ నేర్పే నియమం. ఛాతీ మీది కెమెరా సరిగ్గా ట్రాన్సీవర్ మీదే కూర్చుంటుంది. స్నేహితుడు మంచు కింద ఉన్నప్పుడు మీ ట్రాన్సీవర్ తప్పు దూరం చూపిస్తే పోయేది నిమిషాలు. అక్కడ పోయే ప్రతి నిమిషమూ ప్రాణంతో సమానం. ఇది మొదటిసారి వెళ్తున్న మీకు వర్తించదు, కానీ ఇది చదివే మిగతావాళ్లలో వర్తించేవాళ్లు తప్పకుండా ఉంటారు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

కెమెరా మనిషిని మారుస్తుందన్నది ఇంకో సంగతి. ఎర్ర లైటు వెలుగుతుంటే మామూలుగా ఆగే చోట ఆగబుద్ధి కాదు. మంచు చరియల ప్రమాదాలను పరిశీలించిన ఇయాన్ మెక్‌కామన్, మనుషులను తప్పుదారి పట్టించే ఆలోచనల్లో "పక్కనవాళ్లు చూస్తున్నారు" అన్నదాన్నీ ఒకటిగా లెక్కపెట్టాడు. కెమెరా పెట్టుకున్నవాడికి ఆ చూసేవాళ్లు ఎప్పుడూ వెంటే ఉంటారు. నా గ్రూపుల్లో ఎవరైనా "ఇంకొక్కసారి, వీడియో సరిగ్గా రాలేదు" అంటూ మళ్లీ పైకెళ్తానంటే నేను ఆపుతాను. అలసిపోయిన కాళ్లతో, సాయంత్రం గట్టిపడిన మంచు మీద చేసే ఆ ఇంకొక్కసారి నాకు ఎప్పుడూ భయమే.

ఇదంతా చదివి ఈ కెమెరాలు దండగ అనుకోకండి. ఎదురుగా ఉన్నదే ముఖ్యమైనప్పుడు వీటికి సాటి లేదు. 2023 మార్చిలో అమెరికాలోని మౌంట్ బేకర్ దగ్గర ఒక స్కీయర్‌కి చెట్టు మొదట్లోని మెత్తటి మంచు గుంటలో తలకిందులుగా కూరుకుపోయిన స్నోబోర్డర్ కనిపించాడు. పైకి కనిపించింది బోర్డు మాత్రమే. ఆ స్కీయర్ మంచు తవ్వి అతని ముఖం బయటికి తెచ్చి ప్రాణం కాపాడాడు. అదంతా అతని కెమెరాలో రికార్డయింది. చెట్ల దగ్గర మంచు ఎంత ప్రమాదమో చెప్పడానికి నేను ఎన్ని మాటలు వాడినా ఆ వీడియో ముందు దిగదుడుపే. తవ్వుతూ ఆ స్కీయర్ రొప్పడం, పారతో తొందరపడకుండా ముందు గాలి వెళ్లే దారి చేయడం అన్నీ అందులో ఉన్నాయి. నా క్లాసుల్లో ఆ సంఘటన గురించి చెప్తుంటాను.

అలాగే మీ పిల్లల వెనక మెల్లగా వెళ్తూ తీసే వీడియో. వాళ్లు పాడుకునే పాట, పడి లేచి నవ్వడం, ఇవి ఫోన్‌తో దొరకవు, ఎందుకంటే మీరు ఫోన్ బయటికి తీసేలోపే అవి అయిపోతాయి. ఢీకొన్న గొడవల్లో సాక్ష్యంగా పనికొస్తుందని పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. 2016లో అమెరికాలోని డీర్ వ్యాలీ స్కీ రిసార్టులో నటి గ్వినెత్ పాల్ట్రోకీ ఇంకొక స్కీయర్‌కీ మధ్య జరిగిన ప్రమాదం మీద 2023లో కోర్టులో విచారణ జరిగినప్పుడు, అదంతా ఎవరి కెమెరాలోనైనా పడిందా అని పెద్ద చర్చే నడిచింది. వీడియో ఏదీ బయటికి రాలేదు, ఒకరి మాట మీద ఇంకొకరి మాటగా కేసు సాగి చివరికి పాల్ట్రో తప్పు లేదని తేలింది. అలాంటి భయం ఉన్నవాళ్లు కెమెరా పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను.

360 డిగ్రీల కెమెరాల గురించి కూడా అడుగుతారని తెలుసు. ఇన్‌స్టా360 వన్ ఎక్స్ 2018లో వచ్చినప్పటి నుంచి స్కీయర్లలో వీటికి ఆదరణ పెరిగింది. కారణం నేను పైన చెప్పినదే: రెండు లెన్సులు చుట్టూ అంతా తీస్తాయి, పట్టుకున్న కర్ర వీడియోలో కనిపించదు, ఎవరో వెనకే వచ్చి తీసినట్టు మీరే కనిపిస్తారు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కానీ ఒక చేతిలో కర్ర ఉంటే స్కీ పోల్ పట్టుకోవడం కుదరదు, భుజం ఒక పక్కకు తిరిగిపోతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది చెడ్డ అలవాటుగా స్థిరపడిపోతుంది. బాగా వచ్చాక కొనుక్కోండి. డ్రోన్ల ఊసెత్తకండి, చాలా రిసార్టుల్లో నిషేధం.

మరి మీరేం చేయాలి? మీకు కావలసింది నేర్చుకోవడం అయితే స్నేహితుడి చేతిలో ఫోన్ పెట్టండి. నేను తీసే పద్ధతి చెప్తాను. తీసేవాళ్లు ముందుగా కిందికి వెళ్లి ట్రాకు అంచున నిలబడాలి. మలుపు వెనక, గుట్ట కింద నిలబడకూడదు, పైనుంచి వచ్చేవాళ్లకు దూరం నుంచే కనిపించాలి. ఇరుకు చోట్ల, కనిపించని చోట్ల ఆగకూడదని ఎఫ్ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) ప్రవర్తనా నియమాల్లోనే ఉంది. ఫోన్ అడ్డంగా పట్టుకుని, సెకనుకు 60 ఫ్రేములు పెట్టుకోవాలి, తర్వాత నెమ్మదిగా తిప్పి చూడొచ్చు. మీరు పైనుంచి ఆరేడు టర్నులు తిప్పుకుంటూ అతని వైపే రండి, తర్వాత పక్క నుంచి ఇంకోసారి. అంతకంటే పొడుగు వీడియో వద్దు. ఎదుటి నుంచి తీసినదాంట్లో బరువు టర్నుకు బయటి వైపున్న స్కీ మీద పడుతోందా, భుజాలు లోపలికి ఒరుగుతున్నాయా అన్నది తెలుస్తుంది. పక్క నుంచి తీసినదాంట్లో మీరు వెనక్కి కూర్చుంటున్నారా (అంటే బరువు మడమల మీద వేస్తున్నారా) లేదా తెలిసిపోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు దాదాపు అందరూ వెనక్కి కూర్చుంటారు, తాము ముందుకే వంగామని గట్టిగా నమ్ముతారు. వీడియో చూపిస్తేనే ఒప్పుకుంటారు. లిఫ్ట్ మీద పైకి వెళ్తూనే చూడండి, ఇంటికెళ్లాక చూస్తే ఉపయోగం సగమే. ఫోన్ జారిపోకుండా మెడకో చేతికో తాడు మాత్రం ఉండాలి.

ఫోన్‌ను లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి. చలికి లిథియం బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి, ఛార్జి ఉన్నా ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఐఫోన్ వాడటానికి తగిన ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అని ఆపిల్ చెప్తుంది. అత్యవసరంలో సాయం కోసం ఫోన్ చేయాల్సింది కూడా దానితోనే కాబట్టి వీడియోల కోసం మొత్తం ఖాళీ చేసుకోకండి.

హీరో 7 బ్లాక్ సంగతి. ముందు దాని ఫ్రేము (కెమెరాను పట్టి ఉంచే తొడుగు) కూడా ఉందేమో మీ అన్నయ్యను అడగండి. మౌంటుకు (ఒంటికి కట్టుకునే పట్టీ లాంటిదానికి) తగిలించే కొక్కేలు కెమెరాకే ఉండటం హీరో 8తో మొదలైంది, హీరో 7ని ఫ్రేములో పెడితే తప్ప దేనికీ తగిలించలేరు. బ్యాటరీ పాతబడి ఉంటుంది, కొత్తవి రెండు కొనండి, ఒకటి కెమెరాలో, ఒకటి లోపలి జేబులో. ఛాతీ మౌంట్ వాడండి, కెమెరాను మీకు సరి అనిపించిన దానికంటే కొంచెం పైకి తిప్పి పెట్టండి, వంగినప్పుడు నేలనే తీయకుండా ఉంటుంది. 2.7కె రిజల్యూషన్, సెకనుకు 60 ఫ్రేములు, లీనియర్ అనే లెన్సు సెట్టింగు పెట్టండి. లీనియర్‌లో లెన్సు వెడల్పు తగ్గి వాలు కాస్త వాలులా కనిపిస్తుంది. జీపీఎస్, వైఫై ఆపేయండి. క్విక్‌క్యాప్చర్ ఆన్ చేసుకోండి, అప్పుడు ఒక్కసారి నొక్కితే కెమెరా తెరుచుకుని రికార్డు మొదలుపెడుతుంది, మళ్లీ నొక్కితే రికార్డు ఆపి అదే ఆఫ్ అవుతుంది. బ్యాటరీ మిగులుతుంది, లిఫ్ట్ క్యూల ఫుటేజీ కూడా ఉండదు. మొదటి రెండు రోజులు అసలు కెమెరా గదిలోనే ఉంచండి. మూడో రోజు, మీ కంటే ముందు వెళ్తున్న స్నేహితుణ్ణి తీయడానికి బయటికి తీయండి, మరీ దగ్గరగా వెళ్లకండి. వెనక నుంచి వచ్చేవాళ్లే ముందువాళ్లకు ప్రమాదం లేకుండా దారి ఎంచుకోవాలి.